ఆ గదితో మొదలుపెట్టు

తమ్ముడూ,

రూసో అనే ఇంటిపేరున్న వాళ్ళ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి బలవంతాన చదివాను. పదకొండు మంది రూసోలు, మనిషికి నాలుగేసి వాక్యాలు. ఓటర్ల జాబితా చదివినట్టే ఉంది.

ఫ్రెంచిలో రూసో అంటే ఎర్రజుట్టువాడు. ఏ ఊళ్ళో ఎవడి జుట్టు ఎర్రగా ఉంటే వాడికి ఆ పేరు అంటుకుంది. అందుకని చుట్టరికాలు వెతక్కు. ఒకరి బతుకు ఇంకొకరికి ఎక్కడ తగిలిందో చూడు.

అలాంటి చోటు నీ కాగితాల్లోనే ఉంది. జాఁ-బాప్తీస్త్ రూసో అనే కవికి, జనాన్ని తిడుతూ పద్యాలు రాశాడని 1712లో ఫ్రాన్స్ నుంచి దేశబహిష్కారం విధించారన్నావు. కింద పేరాలో జాఁ-జాక్ రూసో జెనీవాలో 1712లో పుట్టాడన్నావు. (మన బీఎడ్ పిల్లలు పరీక్షల కోసం బట్టీపట్టే తత్వవేత్త రూసో ఈయనే.) ఒకటే ఏడు, నీకు కనపడనే లేదు! ఇరవై నిండకముందే జాఁ-జాక్ ఊళ్ళు పట్టి తిరుగుతూ స్విట్జర్లాండులోని సొలోథర్న్‌లో ఫ్రెంచ్ రాయబారి ఇంట తేలాడు. అక్కడి కార్యదర్శి అతన్ని ఓ గదిలోకి తీసుకెళ్ళి, ఇదివరకు నీ పేరున్న గొప్పవాడే ఇందులో ఉన్నాడని, నువ్వూ అంతవాడివైతే జనం మొదటి రూసో, రెండో రూసో అంటారని చెప్పాడు. ఆ గొప్పవాడు ఆ కవే. కుర్రాడికి ఉబలాటం పుట్టింది. కవి రచనలు చదివి, రాయబారి భార్యను పొగుడుతూ ఓ పాట కట్టాడు. ఆ మోజు ఎన్నాళ్ళో నిలవలేదు. ఇదంతా జాఁ-జాకే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

నీ వ్యాసం ఆ గదిలో మొదలవ్వాలి. ఆయన చెప్పని మంచం, కిటికీ నువ్వు కల్పించకు.

ఇక చిత్రకారులిద్దరూ. హెన్రీ రూసో అంటే నాకు ప్రాణం. పారిస్‌లోకొచ్చే సరుకు మీద సుంకం వసూలు చేసే చిరుద్యోగి, కొలువులో ఉండగానే కుంచె పట్టాడు, 1893లో కొలువు మానేసి పూర్తిగా బొమ్మలకే అంకితమయ్యాడు. ఫ్రాన్స్ గడప దాటకుండానే, పారిస్ వృక్షశాలలో మొక్కలు చూసొచ్చి పులులు తిరిగే అడవులు గీశాడు. థియోడర్ రూసో అలా కాదు, ఫాంటెన్‌బ్లో అడవి పక్కనే బార్బిజాన్‌లో కాపురం పెట్టి ఎదురుగా ఉన్న చెట్లే గీశాడు. చూసిన అడవి ఒకరిది, చూడని అడవి ఇంకొకరిది. వీళ్ళని ఇందులోంచి తీసేసి వేరే కాగితం మీద పెట్టు, అది ఇంకో వ్యాసం.

మిగతా ఏడుగురినీ కొట్టేశాను. ఆదివారంలోగా తిరగరాసి పంపు.