బలమైన మందు అనకు బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

మొన్న ఫోన్ల అన్నవు కదా, "పెద్దమ్మా, డిశ్చార్జ్ నాడు ట్రమడాల్ నొప్పి గోలీల గురించి అన్నీ చెప్తున్న, అందరు తలకాయ ఊపుతున్నరు, వారం తిరగకముందే అదే స్ట్రిప్పు కోసం మళ్ల వస్తున్నరు" అని. చెప్పుడు నీకు వచ్చు. వాళ్లకు ఏం వినవడుతున్నదో అది వేరే సంగతి. ఫోన్ల చెప్పుదామంటే నీకు డ్యూటీలు, నాకు చెవులు. అందుకే రాస్తున్న.

ముప్పై ఏండ్లు వార్డుల తిరిగిన నేను చేసిన తప్పొకటి చెప్తా. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఒక తాత. ఇంటికి పోయే నాడు స్ట్రిప్పు చేతిల పెట్టి "తాతా, ఇది బాగ బలమైన మందు, పైలం" అన్న. నా లెక్కల భయం చెప్పిన. ఆయన లెక్కల నేను బలం గోలీలు ఇచ్చిన. మన దిక్కు బలం గోలీ అంటే నీరసానికి వేసుకునేది, ఒకటికి రెండు వేసుకుంటే ఇంకింత బలం. పొద్దుగూకితే కల్లు ఎట్లనూ ఉండనే ఉన్నది. మూడో నాడు తెల్లారకముందే ఆటోల తెచ్చిన్రు. గట్టిగ పిలిస్తే కండ్లు తెరుస్తడు, మళ్ల మూస్తడు. కంటిపాప సూదిమొనంత. గొంతుల గరగర గురక, ఊపిరి నిమిషానికి ఏడెనిమిది. ఆయన భార్య ఏమన్నదంటే, "రాత్రంత మంచిగ గురకపెట్టి పన్నడు సిస్టరమ్మా, నొప్పి తగ్గిందనుకున్న." ఆ గోలీకి విరుగుడు నలాక్సోన్ సూది ఇచ్చినంక లేచి కూసున్నడు. పానం దక్కింది. ఆమె మాట మాత్రం నా చెవుల నుంచి పోలే.

అందుకే బలమైన మందు అనకు. "ఇది నల్లమందు జాతి గోలీ. నొప్పి పోదు, నొప్పి తెలుస్తలేదంతే. ఎక్కువైతే నిద్రల ఊపిరి తీసుకునుడు తగ్గిపోతది" అని చెప్పు. పేషెంటుకే కాదు, పక్కన ఉండేటోళ్లకు గూడ. కొత్తగ గురక వస్తే, లేపితే లేవకపోతే, పెదవులు నీలమైతే, తెల్లారేదాక చూడొద్దు, 108కు కొట్టాలె.

ఇంక కల్లు ముచ్చట. నువ్వు "మందు తాగుతవా?" అని అడుగుతవు. "లేదు మేడం" అంటడు, అబద్ధం గూడ కాదు. మన దగ్గర బ్రాందీ, విస్కీ మందు. కల్లు కల్లే. పేరు పెట్టి అడుగు: కల్లు తాగుతవా? చెట్టు కాడిదా, దుకాణందా? ఎందుకంటే దుకాణం కల్లుల కొన్ని తావుల అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతరు. తాగేటోనికి గూడ తాను నిద్ర గోలీ మింగుతున్నట్టు తెల్వదు. దాని మీద ట్రమడాల్ పడితే రెండూ కలిసి ఊపిరిని తొక్కుతయి. మా తాతకు అయింది అదే అని నా అనుమానం. "ఈ గోలీలు నడిచినన్ని దినాలు కల్లు బంద్" అని సూటిగ చెప్పు. "ఆల్కహాల్ అవాయిడ్ చెయ్యాలె" అంటే ఆ మాట గోడకు తగిలి కింద పడ్తది. రోజూ తాగేటోడైతే ఒక్కసారే బంద్ పెట్టినా వణుకు, ఫిట్స్ వస్తయి. అది నీ సీనియర్‌కు చెప్పి, ఆ మనిషికి నొప్పికి వేరే దారి చూడుమను.

పాత ఫిట్స్ ఉన్నయా, మానసిక డాక్టర్ కాడ మందులు వాడుతున్నడా అని గూడ అడుగు. ట్రమడాల్ ఫిట్స్ తెస్తది. డిప్రెషన్ మందుల్ల కొన్నిటితోటి అస్సలు పడది. పన్నెండేండ్ల లోపు పిల్లలకు ఇయ్యొద్దు, పాలిచ్చే తల్లికీ వద్దు. పారాసిటమాల్ కలిసిన గోలీ అయితే జ్వరం గోలీలు మీదికెల్లి వేసుకోవద్దని చెప్పు. రెండు తీర్ల స్ట్రిప్పులల్ల ఒక్కటే మందు ఉన్నదని వాళ్లకు ఎట్ల తెలుస్తది?

మలబద్ధకం సంగతి చెప్పెటందుకు సిగ్గుపడకు. వాంతులు, తల తిరుగుడు నాలుగు రోజులకు సర్దుకుంటయి, ఇది సర్దుకోదు. రాత్రి బాత్రూంకు లేచి తూలి పడ్డ ముసలమ్మలను నేను లెక్కలేనంతమందిని చూసిన. ట్రాక్టర్, ఆటో నడిపేటోళ్లకు అయితే గోలీలు ఉన్నన్ని దినాలు స్టీరింగ్ ముట్టొద్దని చెప్పు.

అన్నిటికంటె నాకు కోపమొచ్చే మాట "నొప్పి తగ్గేదాక వేసుకో" అనేది. పత్తి ఏరే మనిషికి, బీడీలు చుట్టే మనిషికి నడుము నొప్పి ఎన్నడు తగ్గాలె? దినాలు లెక్కపెట్టి చెప్పు. మామూలు దెబ్బకు మూడు రోజులు చాలాసార్లు సరిపోతది. ఆపరేషన్ అయితే ఇంకొన్ని. "వచ్చే బేస్తారం ఆఖరు గోలీ" అని చీటీ మీద రాయి, గోలీల లెక్క అక్షరాలల్ల రాయి. వారాల కొద్దీ వాడినోళ్లు ఒక్కసారే ఆపితే ముక్కు కారుతది, ఆవులింతలు, విరేచనాలు, ఒళ్లంత నొప్పులు. అది పాత నొప్పే అనుకొని మళ్ల మింగుతరు. ఇదివరకే అలవాటు పడ్డోళ్లను తిట్టకు, కొద్దికొద్దిగ తగ్గియ్యాలె.

మెడికల్ షాపు ఆపుతదనుకోకు. ట్రమడాల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేనిది అమ్మొద్దు, అమ్మినోడు పేషెంటు పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్ల రాసి మూడేండ్లు ఉంచాలె. 2018ల మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి గూడ తెచ్చిన్రు. అయినా ఖాళీ స్ట్రిప్పు చూపెట్టి "ఇదే ఇయ్యి" అంటే ఇచ్చేటోళ్లు ఉంటరు. ఊర్ల ఆర్ఎంపీ సంగతి నేను వేరే చెప్పాల్నా.

అమెరికల ఉన్న మీ అన్న, అక్కడ పన్ను పీకినా ఇసొంటి గోలీలే ఇచ్చేటోళ్లని చెప్తుండె. ఆడ 1996ల ఆక్సీకాంటిన్ అని ఇదే జాతి నొప్పి గోలీ వచ్చింది. అలవాటయ్యే భయం తక్కువని కంపెనీ డాక్టర్లకు చెప్పింది, 2007ల కోర్టుల తప్పు ఒప్పుకున్నది. పేషెంట్ల కంటె ముందు డాక్టర్లే మోసపోయిన్రు.

ఇదంత చదివి క్యాన్సర్ పేషెంటును గూడ భయపెట్టేవు, పైలం. నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ లేక నొప్పితోటి అరిచి అరిచి పోయినోళ్లను నేను చూసిన. మన దేశంలనే మధ్యప్రదేశ్, రాజస్థాన్‌ల నల్లమందు పండిస్తరు, మన మంచాల మీదోళ్లకే అది అందదు. 2014ల ఆ మత్తుమందుల చట్టాన్నే సవరించి తొవ్వ సులువు చేసిన్రు, మనుషుల భయం పోలే. ఆ ఇంటికి చెప్పే మాట వేరు: టైం ప్రకారం ఇయ్యిండ్రి, నొప్పి వచ్చేదాక ఆగొద్దు, సుఖవిరేచనం మందు మర్చిపోవద్దు, డబ్బా పిల్లలకు అందకుంట పెట్టుండ్రి.

చివరికి "అర్థమైందా?" అని అడగకు, "అయింది మేడం" తప్ప ఇంకో జవాబు రాదు. "ఇంటికి పోయినంక మీ కోడలికి ఎట్ల చెప్తవో నాకు చెప్పు" అను. తప్పు చెప్తే నవ్వి మళ్ల చెప్పు. ఆ రెండు నిమిషాలు రౌండ్ల ఎవరూ నీకు ఇయ్యరు, నువ్వే గుంజుకోవాలె.

ఐతారం ఇంటికి పోయినప్పుడు మీ అమ్మమ్మ మోకాళ్ల గోలీల డబ్బా విప్పి చూడు. ఎవరో తెచ్చిచ్చిన్రని మొన్న పోయినప్పుడు ఏవో తెల్లగోలీలు చూపెట్టింది, అద్దాలు లేక పేరు చదవలేకపోయిన. ఏముందో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ