యాపిల్ పై ముక్క, టిప్పు లెక్క

సంక్రాంతికి నేను కోనసీమ వచ్చానని తెలిస్తే చాలు, అమెరికాకి ఎమ్మెస్ చదవడానికి బయల్దేరే పిల్లలు సందేహాల మూట విప్పుతారు. వీసా, లోను సంగతులు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఈసారి అంబాజీపేట అమ్మాయి అడిగింది మాత్రం నాకు నచ్చింది. "ఒక్కదాన్నే హోటల్‌కి వెళ్తే అక్కడ ఏం మాట్లాడాలి పిన్నీ?"

ముందు డైనర్‌కి, అంటే సాదాసీదా చిన్న హోటల్‌కి, వెళ్ళమన్నాను. భోజనానికి కాదు, మధ్యాహ్నం మూడు దాటాక రద్దీ తగ్గినప్పుడు, కాఫీకీ, ఓ ముక్క 'పై'కీ (పిండి పొరలో పళ్ళలాంటివి నింపి కాల్చే తీపి వంటకం). డైనర్లలో హంగామా ఉండదు, పొద్దుటి టిఫిన్ రాత్రి కూడా దొరుకుతుంది. గుమ్మం దగ్గర 'ప్లీజ్ వెయిట్ టు బి సీటెడ్' అని బోర్డుంటే అక్కడే ఆగండి. మనవాళ్ళు నేరుగా పోయి కిటికీ పక్క టేబుల్ పట్టేస్తారు! ఒక్కరే అయితే కౌంటర్ ముందు స్టూలే హాయి.

వడ్డించే ఆవిడ కాఫీ కూజాతో వచ్చి "హౌ ఆర్ యూ డూయింగ్, హన్?" అంటుంది. మన జలుబు సంగతి చెప్పక్కర్లేదు, "గుడ్, హౌ ఆర్ యూ?" అంటే సరిపోతుంది. 'హన్' (ముద్దుగా 'హనీ') అన్నందుకు అబ్బాయిలు వేరే అర్థాలు తీయొద్దు, పక్క స్టూలు మీది తాతగారిని కూడా ఆవిడ అలాగే పిలుస్తుంది. మామూలు కాఫీ అయితే కప్పు ఖాళీ అవుతుంటే మళ్ళీ నింపుతారు, చాలాచోట్ల దానికి డబ్బు తీసుకోరు. చాలనుకుంటే కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టండి. మనింట్లో విస్తరి మీద చెయ్యి పెట్టినా గారె పడుతుంది కానీ, అక్కడ నిజంగానే ఆగిపోతారు.

ఈవేళ ఏ పైలు ఉన్నాయో ఆవిడనే అడగండి. మాట కలపడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. యాపిల్, చెర్రీ, పీకన్, లెమన్ మెరాంగ్ అని గడగడా చెప్పి, ఏది బాగుందో కూడా చెబుతుంది. 'ఆ లా మోడ్' అంటే పక్కన ఐస్‌క్రీమ్ వేసి ఇస్తారు, దానికి రేటు వేరే. యాపిల్ పై వేడిచేసి ఇమ్మనండి. దాల్చినచెక్క వాసన, మెత్తబడ్డ యాపిల్ ముక్కలు, వాటిలోకి కరిగి జారే వెనిలా... ఆత్రేయపురం పూతరేకులు తిని పెరిగినదాన్ని, ఊరికే మెచ్చుకోను.

శాకాహారులకు ఒక జాగ్రత్త. కొన్నిచోట్ల 'పై' చుట్టూ ఉండే పిండి పొరలో లార్డ్, అంటే పందికొవ్వు, కలుపుతారు. జెల్లో అనే జెల్లీలో, మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయిలో సాధారణంగా జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. గుమ్మడి పైలో గుడ్డు మామూలే. మొహమాటపడకుండా అడగండి, వంటగదిలోకి వెళ్ళి కనుక్కుని వస్తారు.

ఇక టిప్పు. డబ్బు మాటెత్తితే మర్యాద చెడుతుందనుకునే ఊళ్ళ నుంచి వచ్చాం మనం. అక్కడ టిప్పు ఆవిడ జీతంలో భాగం. టిప్పులు వచ్చే ఉద్యోగులకు యజమాని నేరుగా ఇవ్వాల్సిన ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వపు) కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు, 1991 నుంచీ అంతే. టిప్పులతో కలిపి మామూలు ఫెడరల్ కనీస వేతనం 7.25 డాలర్లకి చేరకపోతే మిగతాది యజమాని ఇవ్వాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో పూర్తి కనీస వేతనమే ఇవ్వాలి, అయినా అక్కడా టిప్పు ఇస్తారు. కాబట్టి ఆవిడ నవ్వుతూ పలకరిస్తే అది నాటకమా అని ఆరా తీయకండి. ఆవిడ పని ఆవిడ బాగా చేస్తోంది, మనం బాగా ఇవ్వాలి. పది డాలర్ల బిల్లుకు రెండు డాలర్లు పద్ధతి. గంటసేపు కూర్చుని నాలుగు కప్పులు తాగితే మూడివ్వండి. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే చెయ్యి రాదు, మార్చకండి.

గుంపుగా వెళ్తే బిల్లులు విడివిడిగా కావాలని ఆర్డర్‌కి ముందే చెప్పాలి. ఆరుగురు దాటితే కొన్నిచోట్ల టిప్పు వాళ్ళే కలిపేస్తారు, బిల్లు చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది.

కార్డు ఆవిడ లోపలికి తీసుకెళ్తే టెన్షన్ పడొద్దు, అక్కడ ఓటీపీ అడగరు. రెండు కాగితాలతో తిరిగొస్తుంది. మర్చంట్ కాపీ (హోటల్ వాళ్ళది) మీద టిప్పు, మొత్తం రాసి, సంతకం పెట్టి అక్కడే వదిలేయండి. రెండోది మీది, కార్డు స్టేట్‌మెంట్ వచ్చాక సరిచూసుకోండి.