4ఎస్ ముందు నిండుతుంది కదా, మరి ఐరన్ అయాన్‌గా మారేటప్పుడు 4ఎస్ ఎలక్ట్రాన్లే ముందు ఎందుకు పోతాయి?

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. మీరడిగిన ఈ ప్రశ్న దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. అడిగిన పిల్లలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, ఎలక్ట్రాన్లు ఉండే 4ఎస్, 3డి లాంటి ఆర్బిటాళ్లు ఏ వరుసలో నిండుతాయో చూపే బాణాల పటాన్ని బట్టీ పట్టి వదిలేయలేదు కాబట్టి.

అసలు చిక్కు ఆ పటం దగ్గరే మొదలవుతుంది. అది చూసి, ఏ పరమాణువులోనైనా 4ఎస్ 3డి కన్నా కిందే ఉంటుందనుకుంటాం. అలా ఏమీ లేదు. హైడ్రోజన్‌లో 3డి శక్తి మైనస్ 1.51 ఎలక్ట్రాన్ వోల్టులు, 4ఎస్‌ది మైనస్ 0.85. అంటే అక్కడ 3డినే కింద ఉంది. పొటాషియంలో ఇది తిరగబడుతుంది. 4ఎస్ ఎలక్ట్రాన్ లోపలి పొరల్ని చొచ్చుకుని కేంద్రకం దాకా కొంత వెళ్లగలదు, 3డి ఎలక్ట్రాన్‌కు ఆ వీలు చాలా తక్కువ. లోపలున్న 18 ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని దానికి దాదాపు కప్పేస్తాయి. అందుకే 19వ ఎలక్ట్రాన్ 4ఎస్‌లో ఉంటుంది.

క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది 21వ మూలకం స్కాండియం దగ్గర. పొటాషియం కన్నా కేంద్రకంలో రెండే ప్రోటాన్లు ఎక్కువ, కానీ ఆ ఆకర్షణకు 3డి బాగా లోపలికి కుదించుకుని, కిందికి దిగిపోతుంది. దీనికి రుజువు వర్ణపటంలోనే ఉంది. స్కాండియం నుంచి రెండు ఎలక్ట్రాన్లు తీసేస్తే, ఆర్గాన్ విన్యాసం (లోపలి 18 ఎలక్ట్రాన్ల అమరిక) మీద మిగిలే ఆ ఒక్క ఎలక్ట్రాన్ 3డిలో ఉంటుంది. 4ఎస్ దానికి సుమారు 3 ఎలక్ట్రాన్ వోల్టులు పైన. మరి మామూలు స్కాండియంలో మూడూ 3డిలోకే పోవచ్చు కదా? 3డి చాలా ఇరుకు. అక్కడ కూర్చున్న ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి. రెండు ఎలక్ట్రాన్లు విశాలమైన 4ఎస్‌లో ఉంటేనే మొత్తం శక్తి తగ్గుతుంది.

ఐరన్‌లోనూ ఇదే కథ. 3డి6 4ఎస్2లో (అంటే 3డిలో ఆరు, 4ఎస్‌లో రెండు ఎలక్ట్రాన్లు) బయట, వదులుగా ఉన్నవి 4ఎస్ ఎలక్ట్రాన్లు, అవే ముందు పోతాయి. రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఫెర్రస్ అయాన్‌లో 3డి6, మూడు పోయిన ఫెర్రిక్‌లో 3డి5 మిగులుతాయి. అందుకే మా పిల్లల చేత విన్యాసాన్ని ఎప్పుడూ 3డి ముందు, 4ఎస్ చివర ఉండేలా రాయిస్తాను. అయాన్ రాయాల్సి వస్తే చివరి నుంచి కొట్టేసుకుంటూ రావడమే. ఈ ఒక్క అలవాటుతో సగం టెన్షన్ పోతుంది.

క్రోమియం 3డి5 4ఎస్1 ఎందుకని కూడా అడిగారు. పరీక్షలో 'సగం నిండిన 3డికి స్థిరత్వం ఎక్కువ' అని రాయండి, మార్కులు వస్తాయి. కానీ అదే కారణమని మనసులో స్థిరపరచుకోకండి. క్రోమియం గ్రూపులోనే ఉన్న టంగ్‌స్టన్ విన్యాసం 5డి4 6ఎస్2, నియోబియంది 4డి4 5ఎస్1. ఈ రెండింటికీ ఆ వాక్యం పనికిరాదు. డి, ఎస్ శక్తుల తేడా, ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ, ఎక్స్చేంజ్ శక్తి (ఒకే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల తగ్గే శక్తి), ఈ మూడింటినీ ఏ మూలకానికి ఆ మూలకంలో లెక్క చూడాల్సిందే.