ప్రపంచకప్‌కి మార్కులేసే ముందు

బర్కత్‌పుర,
హైదరాబాద్.

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వడిగిన మాట రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. '2022 ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్ విజయవంతమైందా' అని మీ సారు వ్యాసం రాయమన్నాడట. "పెద్దనాన్నా, ముప్ఫై ఏండ్లు స్పోర్ట్స్ డెస్కు మీద కూర్చున్నావు కదా, ఒక్క ముక్కలో చెప్పు, అయిందా, కాలేదా?" అన్నావు. అట్లా ఒక్క ముక్కలో చెప్పి ఓసారి నాలుక్కరుచుకున్నవాణ్ణి. ముందు ఆ సంగతి విను.

2010 జులై 11. జొహన్నెస్‌బర్గ్‌లో ప్రపంచకప్ ఫైనల్ మనకు అర్ధరాత్రి పన్నెండుకు మొదలైంది. సిటీ ఎడిషన్ ఆపుకుని కూర్చున్నాం. స్పెయిన్, నెదర్లాండ్స్ వాళ్ళు బంతిని తన్నిన దానికంటే ఒకరినొకరు తన్నుకున్నదే ఎక్కువ. 116వ నిమిషంలో ఇనియెస్టా గోలు కొట్టేసరికి ఇక్కడ రెండున్నర కావస్తోంది, కింద ప్రెస్సు నుంచి ఫోను మీద ఫోను. నా వ్యాసం మాత్రం ఫైనల్ మొదలు కాకముందే పేజీలో కూర్చుంది. శీర్షిక 'గెలిచింది ఆఫ్రికా'. దక్షిణాఫ్రికా అద్భుతంగా నిర్వహించిందని, ఇక ఆ ఖండం తలరాతే మారిపోతుందని రాశాను. పాస్‌పోర్టు కూడా లేనివాణ్ణి, ఖండం తలరాత చెప్పాను!

అందులో అబద్ధమంటూ లేదు. అక్కడ నేరాలెక్కువ, స్టేడియాలు పూర్తికావు, టోర్నీని వేరే దేశానికి మార్చాలి అని అంతకుముందు కొన్నేళ్ళు బయటివాళ్ళు ఊదరగొట్టారు. ఆ భయాలేవీ నిజం కాలేదు. 31 లక్షల పైచిలుకు మంది స్టేడియాలకు వచ్చి చూశారు. జొహన్నెస్‌బర్గ్ విమానాశ్రయం నుంచి గౌట్రెయిన్ అనే రైలు మొదటి మ్యాచ్‌కి మూడు రోజుల ముందే పట్టాలెక్కింది. టీవీలో కనిపించినంత మేరకు నేను రాసింది సరైనదే. టీవీలో కనిపించనిది తర్వాత చదివి తెలుసుకున్నాను. ఏళ్ళ తరబడి మైదానాల దగ్గర తిండి అమ్ముకునే ఆడవాళ్ళను స్టేడియాల చుట్టుపక్కలకు రానివ్వలేదు, ఎందుకంటే అక్కడ ప్రపంచకప్ నడిపే ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాకు స్పాన్సర్లైనవాళ్ళ సరుకే అమ్మాలి. కేప్‌టౌన్‌లో సముద్రం పక్కన కట్టిన స్టేడియం ఏళ్ళ తరబడి నగరపాలక సంస్థ ఖజానాకు బరువైంది. 2021లో స్టార్మర్స్ రగ్బీ జట్టు వచ్చి చేరింది. అంటే ఫుట్‌బాల్ కోసం కట్టిన ఇంట్లో రగ్బీవాళ్ళు కాపురం పెట్టారు. నా వ్యాసంలో అమ్ముకునేవాళ్ళు లేరు, కేప్‌టౌన్ ఖర్చు లేదు. రాసినప్పుడు తెలిసే వీలు కూడా లేదు. తెలియనప్పుడు తలరాత జోలికి పోకుండా ఉండాల్సింది.

అందుకని నీకు నా మొదటి సలహా, మార్కులు ఎవరు వేస్తున్నారో చూడు. ఆ ఏడాది ఫిఫా అధ్యక్షుడు బ్లాటర్ దక్షిణాఫ్రికాకు పదికి తొమ్మిది వేశాడు. నాలుగేళ్ళకు బ్రెజిల్‌కి 9.25. ఆ పావు మార్కు ఎక్కడ కలిసిందో ఆయనకే తెలియాలి. ఆ బ్రెజిల్‌లోనే ఏడాది ముందు, 2013 జూన్‌లో, బస్సు టికెట్ మీద 20 సెంటావోలు (వాళ్ళ పైసలు) పెంచారని మొదలైన గొడవ దేశమంతా పాకింది. స్టేడియాలు ఫిఫా ప్రమాణాలతో కడుతున్నారు కదా, ఆసుపత్రులు కూడా అదే ప్రమాణాలతో కట్టండి అని జనం అట్టముక్కల మీద రాసుకుని రోడ్డెక్కారు. బ్లాటర్ తర్వాత వచ్చిన ఇన్ఫాంటినో 2018లో రష్యాది ఇప్పటిదాకా జరిగినవాటిలో ఉత్తమం అన్నాడు, 2022లో ఖతార్‌దీ ఉత్తమమే అన్నాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు కదా, ప్రపంచకప్ పెట్టే దేశం ఆ రెండూ ఒకేసారి నెత్తికెత్తుకుంటుంది. పందిరి ఖర్చంతా దానిదే, చదివింపులు మాత్రం ఫిఫా సంచిలోకి. ఖతార్ టోర్నీతో ముగిసిన నాలుగేళ్ళలో ఫిఫాకు వచ్చింది 750 కోట్ల డాలర్ల పైమాట. ఆ సంచి పట్టుకున్నవాణ్ణి భోజనాలెట్లా ఉన్నాయని అడిగితే బాగాలేవంటాడా?

(మనకీ మాట అనే హక్కుందా అంటే సందేహమే. 1950లో బ్రెజిల్ పెళ్ళికి పిలుపు వచ్చినా పోనివాళ్ళం. ఒకప్పటి భారత ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ నగరం, మన హైదరాబాద్ నుంచి ఒలింపిక్స్‌కి ఆటగాళ్ళు పోయారు గానీ ప్రపంచకప్ గడప మనదేశం ఇంతవరకూ తొక్కలేదు.)

రెండోది, ఆటను ఆతిథ్యాన్నీ ఒకే విస్తట్లో కలిపెయ్యకు. ఖతార్‌లో 172 గోల్స్ పడ్డాయి, అప్పటికి అదే రికార్డు. ఫైనల్లో అర్జెంటీనా, ఫ్రాన్స్ 3-3, ఆపైన పెనాల్టీలు. నా జన్మలో అట్లాంటి ఫైనల్ చూడలేదు. కానీ మెస్సీ, ఎంబాపే ఖతార్ ప్రభుత్వం తయారుచేసిన సరుకు కాదు. ఖతార్ సొంత జట్టు మూడింటికి మూడూ ఓడింది, ఏ ఆతిథ్య దేశానికీ అంతకుముందు పట్టని గతి. దాన్నిబట్టి టోర్నీ విఫలమంటే ఎంత తప్పో, ఫైనల్‌ని బట్టి విజయవంతమంటే అంతే తప్పు. 1978 సంగతి చదువు. బ్యూనస్ ఎయిరిస్‌లో అర్జెంటీనా నెదర్లాండ్స్‌ని 3-1తో ఓడించి కప్పెత్తింది. ఆ స్టేడియానికి కూతవేటు దూరంలో నౌకాదళం బడిలో సైనిక ప్రభుత్వం మనుషుల్ని బంధించి హింసిస్తోంది. గోల్ కొట్టినప్పటి కేకలు లోపలికి వినిపించాయని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. ఆట బాగానే జరిగింది మరి.

ఇంక కొలబద్ద ఏమిటంటావు. బిడ్ కాగితాలు తియ్యి, అంటే ఆతిథ్యం మాకివ్వండని ఆ దేశం పెట్టుకున్న దరఖాస్తు. మ్యాచ్ రిపోర్టులకంటే ముందు అవి చదువు. ఆ దేశం ఏం చేస్తానని అడిగి పుచ్చుకుందో, ఏం చేసిందో పక్కపక్కన పెట్టు. ఈ కొలతకి నిలబడేది నాకు తెలిసి అమెరికా. 1994లో వాళ్ళకు చెప్పుకోదగ్గ ప్రొఫెషనల్ లీగే లేదు. సాకర్ (ఫుట్‌బాల్‌కి అక్కడి పేరు) తెలియనివాళ్ళకు ప్రపంచకప్పా అని లోకమంతా నవ్వింది. 52 మ్యాచులకు 35.87 లక్షల మంది వచ్చారు, మ్యాచుకు సగటున దాదాపు 69 వేలు. అసలు మాట అది కాదు. ప్రొఫెషనల్ లీగ్ పెడతామని మాటిచ్చారు, టోర్నీ అయిన రెండేళ్ళకు, 1996లో మేజర్ లీగ్ సాకర్ మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. సగటు లెక్క ఎందుకు చెప్పానంటే, 2026లో మూడు దేశాలు, 16 నగరాలు, 104 మ్యాచులు. మ్యాచులు రెట్టింపైతే మొత్తం జనం పెరగడం గొప్ప కాదు, గుణకారం.

ఖతార్ బిడ్‌లో ఏముందో చూడు. పన్నెండు స్టేడియాలన్నారు, ఎనిమిదే తయారు చేశారు. నన్నడిగితే అది మంచి పనే. వేసవిలోనే చల్లబరిచిన స్టేడియాల్లో ఆడిస్తామన్నారు, చివరికి నవంబర్ 20న మొదలుపెట్టారు. టోర్నీ అయ్యాక పై అంతస్తుల్లో 1,70,000 కుర్చీలు ఊడదీసి పేద దేశాలకు పంపుతామన్నారు. ఇప్పుడా కుర్చీలెక్కడున్నాయో నువ్వు వెతికి, నువ్వే రాయాలి. షిప్పింగ్ కంటెయినర్లతో విప్పదీసే వీలుగా కట్టిన స్టేడియం 974 సంగతీ అంతే. కార్బన్ భారం లేని ప్రపంచకప్ అని ఫిఫా చాటిన మాట తప్పుదోవ పట్టించేదని 2023లో స్విట్జర్లాండ్‌లో ప్రకటనల మీద ఫిర్యాదులు వినే కమిషన్ తేల్చింది. మెప్పుకీ చోటుంచు. 2024 మొదట్లో అవే మైదానాల్లో ఆసియా కప్ జరిగింది, ఖతారే గెలిచింది, మనవాళ్ళూ వెళ్ళి మూడు మ్యాచులు ఓడొచ్చారు. కట్టినవి ఏడాదికే బూజుపట్టలేదు. బ్రెజిల్ అడవి మధ్య మనౌస్‌లో నాలుగంటే నాలుగు మ్యాచుల కోసం కట్టిన దానికంటే ఇది మేలు కదా.

స్టేడియాల గురించి ఇంకో మాట. 'పనికొచ్చిందా' అన్న ప్రశ్న కాస్త వెడల్పుగా అడుగు. 2002 నేషనల్ గేమ్స్ అప్పుడు గచ్చిబౌలి స్టేడియం చూసి, ఊరికి ఇంత దూరంలో ఎవడొస్తాడని డెస్కులో నవ్వుకున్నాం. ఊరే అక్కడికి వెళ్ళింది. ఆ ఆవరణలో ఆటగాళ్ళ కోసం లేపిన ఎత్తైన భవనాన్ని 2020లో ఉన్నపళంగా కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు, టిమ్స్ అని నీకూ తెలుసు. మా నవ్వులో ఆ లెక్క లేదు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ఖాతా. దీని మీదే నీ వ్యాసం నిలబడాలి, ఎందుకంటే ఢిల్లీలోనో లండన్‌లోనో కూర్చుని రాసేవాడెవడూ ఈ పని నీకంటే బాగా చెయ్యలేడు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్ పోయినోళ్ళు మనకు బస్సు దూరంలో ఉన్నారు.

అంకెలతో జాగ్రత్త. ప్రతి అంకెకూ దాని చీటీ దానికుంటుంది, చీటీ చింపి అంకె వాడకు. 6,500 మంది చనిపోయారని అందరూ అంటారు. 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక రాసిందేమిటంటే, టోర్నీ దక్కిన 2010 నుంచి పదేళ్ళలో ఐదు దక్షిణాసియా దేశాలవాళ్ళు ఖతార్‌లో మొత్తం 6,500 పైచిలుకు చనిపోయారని. అందులో మనదేశం వాళ్ళు 2,711. ఇవి అన్ని పనుల్లో, అన్ని కారణాల మరణాలు, స్టేడియాల మీదివి మాత్రమే కావు. నిర్వాహకులేమో స్టేడియం పనుల్లో ప్రమాదాల వల్ల ముగ్గురు, ఇతర కారణాలతో 37 మంది అన్నారు. అంటే మెట్రో, రోడ్లు, హోటళ్ళు కట్టినవాళ్ళు అందులో లేరు, అవన్నీ కప్పు కోసం కాదన్నట్టు. ఆపైన ఇంకో అంకె 414, అది 2014 నుంచి 2020 దాకా దేశం మొత్తం మీద పనిలో చనిపోయినవాళ్ళది. మూడు అంకెలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ముప్ఫై ఏళ్ళ మనిషి నిద్రలో పోతే 'సహజ మరణం' అని రాసి, పోస్టుమార్టం లేకుండా పెట్టె పంపిస్తే ఆ చావు ఏ లెక్కలో పడుతుందో, అదీ అడగాలి. అట్లాంటి పెట్టెలు మన శంషాబాద్‌లో దిగాయి.

మార్పు కూడా దాచకు. యజమాని కాగితం లేకుండా పని మారే వీలు 2020లో చట్టంలోకి వచ్చింది. 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్ళు. ప్రపంచకప్ మీద కళ్ళు లేకపోతే అది వచ్చేదా అంటే, నాకైతే నమ్మకం లేదు. చట్టం వచ్చింది, చేతికి వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

దానికి జవాబు ఎట్లా దొరుకుతుందో చెప్తాను. ఫైనల్ రోజు సాయంత్రం మా అపార్ట్‌మెంటు మోటారు కాలిపోయింది. బాగుచెయ్యడానికి వచ్చింది దోహాలో మూడేండ్లు చేసొచ్చిన కోరుట్ల అబ్బాయి. పనయ్యేసరికి మ్యాచ్ మొదలైంది, కూర్చోమన్నాను. మెస్సీ పెనాల్టీ కొడుతుంటే అతను బంతి వైపు చూడటం లేదు. "ఆ పైన లైట్లు చూడుండ్రి సార్. ఆ కేబుల్ గుంజింది మా బ్యాచే" అన్నాడు. ప్రపంచకప్ ఎట్లుందని అడిగితే "మంచిగున్నది సార్" అన్నాడు. అక్కడితో ఆగితే నాకు దొరికేది ఆ రెండు ముక్కలే. ఏజెంటుకు ఎంత కట్టినవ్ అని అడిగాను. లక్షా ఇరవై వేలు, మిత్తితో తీరేసరికి రెండేండ్లు. జీతం నెలనెలా పడ్డదా? "నాకు పడ్డది సార్. నా రూంమేటుది వేరే కంపెనీ, నాలుగు నెలలది రానేలేదు, ఇడిసిపెట్టి ఇంటికొచ్చిండు." మళ్ళీ పొమ్మంటే పోతవా? ఎంబాపే రెండోది కొట్టాడు అప్పుడే, ఇద్దరం అరిచాం. అరుపు ఆగినంక, "పోత సార్. ఈడ ఏమున్నది?" అన్నాడు.

నువ్వూ అట్లాగే అడుగు. 'విజయవంతమా' అని ఎవర్నీ అడగొద్దు. ఎంత కట్టావు, ఎన్నాళ్ళకు తీరింది, రూములో ఎంతమంది, ఎండాకాలం పని ఎన్నింటికి ఆపేవాళ్ళు, వెళ్ళేటప్పుడు చెప్పిన పనే ఇచ్చారా. పేరు రాయనని ముందే చెప్పు, చెప్పాక రాయకు. ఆడవాళ్ళతో విడిగా మాట్లాడు. డబ్బు ఎంత పంపాడో భార్యకు తెలిసినంత కచ్చితంగా భర్తకు గుర్తుండదు. ఒక్కడు చెప్పింది ఊరి మాట చెయ్యకు, నా కోరుట్ల అబ్బాయితో సహా.

ఇన్ని చెప్పాక తీర్పు రాయొద్దా అంటే, రాయాలి. అటూ ఇటూ కాని గోడమీది పిల్లి వ్యాసం నాకు చూపించకు. ఏ ఖాతాలో పాసు, ఏ ఖాతాలో ఫెయిలు అని విడివిడిగా తేల్చి, కింద తేదీ వెయ్యి. ఎవరి తరఫున అంటున్నావో కూడా రాయి. దోహాలో మెట్రో ఎక్కేవాడి తీర్పూ జగిత్యాలలో పెట్టె దించుకున్నవాళ్ళ తీర్పూ ఒకటి కావు, రెంటికీ సగటు తియ్యలేవు. నా తీర్పు అడుగుతావని తెలుసు. నువ్వు రాసుకొచ్చాకే చెప్తాను, లేకపోతే దాన్నే తిప్పి రాస్తావు.

ఆదివారం పొద్దున రా. మంచం కింద రేకు పెట్టెలో 1986 నుంచి కత్తిరింపులున్నాయి, కొన్ని చెదలు తిన్నవి పోగా మిగిలినవి నీకే. 2010 కవరులో 'గెలిచింది ఆఫ్రికా' కూడా ఉంది. చదివి నవ్వుకో, కానీ ఆ ఒక్కటి తిరిగిచ్చెయ్యి. వచ్చేటప్పుడు మీ పెద్దమ్మకు ఉస్మానియా బిస్కెట్లు పట్టుకురా, నాకని చెప్పకు.

నీ పెద్దనాన్న