గార్డులు బిగిస్తూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి టర్నర్ పని నేర్చుకుంటున్నాడు. రెండు నెలలుగా వాడితో లోహాన్ని తిప్పుతూ కోసే పాత లేత్ మెషీన్లకు సేఫ్టీ గార్డులు, అంటే రక్షణ మూతలు, పెట్టించే పనే చేయిస్తున్నారు. తోటివాళ్లేమో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ల మీద పని చేస్తున్నారు. వాడికి మాత్రం ఇదే నచ్చిందట. బోల్టులు బిగిస్తూ కూర్చుంటే రేపు ఉద్యోగం ఎవరిస్తారని మా టెన్షన్. వేరే చోట చేర్పించమంటారా?
– ఒక తల్లి

జవాబు: ఈ ఒక్క కారణంతో మార్చకండి. ముందు అబ్బాయిని ఒక మాట అడగండి: గార్డుకు కొలతలు తనే తీసుకుంటున్నాడా, ఎవరో చేసిచ్చింది తెచ్చి బిగిస్తున్నాడా? రెండోదే అయితే మీ బెంగలో న్యాయం ఉంది. మొదటిదైతే అతను నేర్చుకుంటున్నది తక్కువేం కాదు.

చక్ (లేత్‌లో ముక్కను పట్టుకుని తిరిగే భాగం) గార్డు సంగతే చూడండి. పైకి అది వంచిన రేకు మూతలా కనిపిస్తుంది. కానీ చక్ సైజు చూసి చేస్తే పనికిరాదు. పెద్ద జాబ్ (కోయాల్సిన ముక్క) పట్టినప్పుడు చక్ జాస్ (ముక్కను బిగించి పట్టే దవడలు) అంచు దాటి బయటికొస్తాయి, అవి కూడా తగలకుండా తిరగాలి. 200 మిల్లీమీటర్ల చక్ నిమిషానికి 1000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు దాదాపు 38 కిలోమీటర్లు. చక్ కీ (జాస్‌ను బిగించే పనిముట్టు) తీయడం మరిచిపోయి మెషీన్ ఆన్ చేస్తే అది ఎగిరి ఎవరికి తగులుతుందో చెప్పలేం. అందుకే కీ చక్‌లో ఉండగా మూత పడకుండా, మూత పడకపోతే స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) తిరగకుండా ఏర్పాటు చేస్తారు.

దీనికి మూత తెరిస్తే మెషీన్‌ను ఆపేసే ఇంటర్‌లాక్ స్విచ్ కావాలి. ఏదో ఒక స్విచ్ పెడితే కుదరదు. లోపల కాంటాక్ట్ అతుక్కుపోయినా, మూత ఎత్తే కదలికే దాన్ని బలవంతంగా విడదీయాలి. ఈ స్విచ్‌ను కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చే, ఆపే పరికరం) కంట్రోల్ సర్క్యూట్‌లో కలపాలి. మూత మళ్లీ వేయగానే మెషీన్ దానంతటదే మొదలవకూడదు, స్టార్ట్ బటన్ నొక్కితేనే తిరగాలి. మీరు బోల్టు బిగింపు అనుకున్న పనిలోకి ఎలక్ట్రికల్ ఇలా వచ్చి చేరింది. చిప్స్ (కోసేటప్పుడు ఎగిరే లోహపు పొట్టు) మీద పడకుండా పెట్టే అద్దం సంగతీ అంతే. ఆక్రిలిక్ పెళుసు. పాలికార్బనేట్ దెబ్బకు ఓర్చుకుంటుంది గానీ, కూలెంట్ (కోసేటప్పుడు చల్లబరిచే ద్రవం) తగులుతూ ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. బాగానే కనిపిస్తోంది కదా అని వదిలేయకుండా మార్చాలి.

అన్నిటికన్నా కష్టం మనుషులతోనే. నేను చూసిన ఒక వర్క్‌షాప్‌లో గార్డులన్నీ బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నాయి. ఎందుకని అడిగితే, "అది ఉంటే మైక్రోమీటర్ లోపలికి పట్టదు సార్" అన్నారు. తప్పు వాళ్లదని నేననుకోను. పనికి అడ్డొచ్చే గార్డును ఎవరైనా తీసేస్తారు. మీ అబ్బాయి పెట్టిన గార్డు ఆరు నెలల తర్వాత కూడా మెషీన్ మీదే ఉందా లేదా అన్నదే అతని పనికి అసలు పరీక్ష.

ఉద్యోగాల విషయానికొస్తే మెషీన్ మెయింటెనెన్స్, పాత మెషీన్లను మార్చి ఆధునికంగా చేసే పని, సేఫ్టీ తనిఖీ, ఈ మూడింటికీ ఇది పనికొస్తుంది. స్నేహితులు నడిపే సీఎన్‌సీ మెషీన్ తలుపు కూడా ఇంటర్‌లాక్ ఉన్న గార్డే కదా! మెషీన్లలో ప్రమాదాల అంచనాకు ఐఎస్ఓ 12100, గార్డుల తయారీకి ఐఎస్ఓ 14120, టర్నింగ్ మెషీన్లకు (లేత్‌ల వంటివి) ప్రత్యేకంగా ఐఎస్ఓ 23125 అనే అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. ఇప్పుడే అన్నీ చదవక్కర్లేదు, మొదటిదానితో పరిచయం పెంచుకుంటే చాలు. బిగించిన ప్రతి గార్డుకూ స్కెచ్, వైరింగ్ బొమ్మ, ముందూ తర్వాతా ఫొటోలు ఒక ఫైల్లో పెట్టుకోమనండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఆ ఫైలే ఎక్కువ మాట్లాడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను మీ వైపే. టర్నింగ్ మానేయకూడదు. లేత్ మీద చేయి తిరగనివాడు చేసిన గార్డే చివరికి బీరువా ఎక్కుతుంది. రోజులో సగం సమయమైనా మెషీన్ మీద ఇమ్మని ఇన్‌స్ట్రక్టర్‌ను అడగమనండి.

ఇంకోటి కూడా కనుక్కోండి. వైరింగ్ చేసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకుంటున్నాడా? లేదంటే ఆ సంగతి ఇన్‌స్ట్రక్టర్‌తో మీరే వెళ్లి మాట్లాడండి.