రిటైరయ్యాక చిన్న సంపాదన: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. ముప్పై నాలుగేళ్లు ఒకే సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేసి ఎనిమిది నెలల క్రితం రిటైరయ్యాను. కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి ఏ కోర్సులో చేరాలో తేల్చుకోలేకపోతే మీ దగ్గరికే తీసుకొచ్చాను. ఇప్పుడు తను ఉద్యోగం చేస్తోంది. "నెలనెలా నేను పంపిస్తాను, ఇంకా ఎందుకు నాన్నా ఈ కష్టం" అంటోంది. పెన్షన్‌తో ఇల్లు గడుస్తుంది కానీ అనుకోని ఖర్చు వస్తే పొదుపులో చెయ్యి పెట్టాల్సి వస్తోంది. మోకాళ్ల నొప్పులున్నాయి, ఎక్కువసేపు నిలబడలేను. ఈ మధ్య ఇంటి నుంచే డేటా ఎంట్రీ పని ఇస్తామని ఎవరో ఫోన్ చేసి, ముందు కొంత డిపాజిట్ కట్టమన్నారు. కట్టవచ్చా? నా వయసువాళ్లకు అసలు ఏం పనులుంటాయి?

జవాబు: ముందు డిపాజిట్ సంగతి. కట్టకండి. ఆ నంబరుకు తిరిగి ఫోన్ కూడా చెయ్యకండి. పని చేసినవాళ్లకు చేయించుకున్నవాళ్లు డబ్బివ్వాలి. ఎదురు డబ్బు అడిగారంటే అక్కడ పనే లేదని అర్థం. డేటా ఎంట్రీ పేరుతో జరిగే మోసం ఎలా ఉంటుందో మీకు తెలియాలి. ముందు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టిస్తారు. పేజీలకు పేజీలు టైప్ చేయిస్తారు. చివర్లో "తప్పులు ఎక్కువున్నాయి, ఒప్పందం ప్రకారం మీరే జరిమానా కట్టాలి" అని లాయర్ నోటీసు పేరుతో బెదిరిస్తారు. జీవితమంతా నిజాయితీగా బతికి, పరువుకు భయపడేవాళ్లే ఎక్కువగా ఇందులో దొరికిపోతారు. ఇంకో రకం ఉంది. వీడియోలకు లైకులు కొట్టమని, హోటళ్లకు స్టార్లు ఇవ్వమని మొదలుపెడతారు. మొదట్లో కొద్దిగా డబ్బు నిజంగానే వేస్తారు. నమ్మకం కుదిరాక పెద్ద టాస్క్ అంటూ మీ చేత డబ్బు వేయిస్తారు. ఫోన్ తెరమీద మీ ఖాతాలో అంకె పెరుగుతూనే ఉంటుంది, తీసుకోబోతే మాత్రం ఇంకా కట్టమంటారు. మీరు ఇప్పటికే బ్యాంకు వివరాలు గానీ గుర్తింపు పత్రాలు గానీ పంపి ఉంటే, ఇవాళే మీ బ్యాంకుకు చెప్పండి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. "నా వయసువాళ్లకు ఏం పనులుంటాయి" అని అడిగారు. రిటైరైనవాళ్లు చాలామంది ఈ ప్రశ్న దగ్గరే దారి తప్పుతారు. వయసును బట్టి పని వెతికితే గేటు దగ్గర కూర్చునేవి, కౌంటర్ దగ్గర నిలబడేవి దొరుకుతాయి. అవీ గౌరవమైన పనులే. కానీ నిలబడే పని మీ మోకాళ్లకు పడదు, పైగా ఇన్నేళ్లలో మీరు నేర్చుకున్నదానికి అక్కడ విలువ కట్టేవాళ్లుండరు. అందుకే మీరు చేసిన ఉద్యోగాన్నే ముక్కలుగా విడదీసి చూడమంటాను. అందులో మీకు బాగా చేతైన ముక్క ఏది? డబ్బిచ్చి మరీ దాన్ని చేయించుకోవాల్సిన అవసరం ఎవరికుంది? అలాంటి ముక్క ఒక్కటి దొరికితే చాలు. మళ్లీ పూర్తి ఉద్యోగం అక్కర్లేదు.

మీ పనిలోంచే ఒక ఉదాహరణ చెప్తాను. నెలాఖరున పుస్తకాల్లో లెక్కకూ బ్యాంకు స్టేట్‌మెంటుకూ 180 తేడా వచ్చిందనుకోండి. కొత్తగా చేరిన కుర్రాడు మొదటి ఎంట్రీ నుంచి మళ్లీ సరిచూడటం మొదలుపెడతాడు. మీరైతే ముందు ఆ తేడాను 9తో భాగిస్తారు. శేషం లేకుండా పోతే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారై ఉంటాయని మీకు వెంటనే అనుమానం వస్తుంది. 4,860కి బదులు 4,680 రాసి ఉంటారు. అక్కడా దొరక్కపోతే తేడాలో సగం, అంటే 90 కోసం వెతుకుతారు. జమ కావాల్సింది ఖర్చులో పడితే తేడా రెట్టింపై కనిపిస్తుంది కాబట్టి. కుర్రాడికి పూట పట్టే పని మీకు పది నిమిషాల్లో అయిపోతుంది. చిన్న వ్యాపారం నడుపుకునేవాళ్లకు ఈ పది నిమిషాల మనిషి కావాలి. నెల జీతమిచ్చి అకౌంటెంట్‌ను పెట్టుకునే స్తోమత వాళ్లకు ఉండదు, నెలలో రెండు రోజులు వచ్చి చూసిపెట్టేవాళ్లు దొరికితే చాలనుకుంటారు. మీరు అమ్మగలిగింది ఇదే.

వయసైపోయింది, బుర్ర పనిచేస్తుందా అన్న టెన్షన్ మీకుంటే ఒక మాట. రేమండ్ కాటెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తెలివిని రెండు రకాలుగా విడదీశారు. ఎన్నడూ చూడని చిక్కుముడిని అప్పటికప్పుడు విప్పే తెలివి ఒకటి, చదివీ చేసీ పోగేసుకున్న తెలివి ఇంకొకటి. మొదటిది వయసుతో మెల్లగా తగ్గుతుంది. రెండోది అరవైల్లోనూ చాలావరకు నిలబడుతుంది. అందువల్ల మీకు రాని పనిలోకి వెళ్లి పాతికేళ్లవాళ్లతో వేగంలో పోటీపడటం కన్నా తెలిసిన పనిలో ఉండటమే మీకు లాభం.

కళ్ల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇరవై ఏళ్ల మనిషి కంటిలో రెటీనా దాకా చేరే వెలుతురులో అరవై ఏళ్లవాళ్లకు దాదాపు మూడో వంతే చేరుతుంది. కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. కాబట్టి పనికి కూర్చునే చోట మంచి దీపం, పెద్ద స్క్రీన్, దగ్గరి చూపుకు సరైన అద్దాలు పెట్టుబడి కింద లెక్కేసుకోండి. రాత్రిపూట కారు నడిపే పనులు మీకు వద్దనడానికి కూడా ఇదే కారణం.

ఇప్పుడు ఎంత సంపాదించాలో చూద్దాం. చాలామంది ఎంత వస్తే అంత అనుకుంటూ మొదలుపెట్టి, ఆరు నెలలకు అలసిపోయి మానేస్తారు. మీరు గత ఆరు నెలల్లో పొదుపులోంచి ఎన్నిసార్లు, ఎంతెంత తీశారో రాసి, మొత్తాన్ని ఆరుతో భాగించండి. వచ్చిన అంకే మీ నెల లక్ష్యం. అది మీరు భయపడినదానికన్నా చిన్నదే కావచ్చు. చిన్నదైనా దాని బలం చిన్నది కాదు. 1994లో అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు అక్కడి పాత మార్కెట్ లెక్కలు తీసి చూశారు. మొదటి ఏడాది పొదుపులో 4 శాతం తీసుకుని, తర్వాత ధరలు పెరిగినంత మేర పెంచుకుంటూ పోతే ఆ డబ్బు 30 ఏళ్లు వస్తుందని తేల్చారు. ఏ దేశానికైనా ఇదే అంకె సరిపోతుందని అనుకోకూడదు, అంచనాకు మాత్రం పనికొస్తుంది. ఆ లెక్కన నెలకు 1,000 చొప్పున ఏడాదికి 12,000 రావాలంటే 3 లక్షల పొదుపు ఉండాలి. అంటే మీరు నెలకు 1,000 సంపాదించినన్నాళ్లూ మూడు లక్షలు అదనంగా మీ వెనక ఉన్నట్టే. అమ్మాయికి ఈ లెక్క చూపించండి, మీ పట్టుదల ఎందుకో తనకు అర్థమవుతుంది.

పని ఎక్కడ దొరుకుతుందంటారా? బయోడేటా పట్టుకుని తిరగకండి. మీ చేతి పని చూసినవాళ్ల పేర్లు ఒక పది రాయండి. పాత సహోద్యోగులు, మీ సంస్థకు సరుకు ఇచ్చినవాళ్లు, మీ దగ్గర పని నేర్చుకుని బయటికెళ్లినవాళ్లు. ఒక్కొక్కరికీ విడిగా, వాళ్ల పేరుతో ఇలా రాయండి:

"నమస్తే అండి. రిటైరయ్యాను. చిన్న వ్యాపారాలకు నెలలో రెండు రోజులు బ్యాంకు లెక్కలు సరిచూసి, ఆడిటర్‌కు ఇవ్వాల్సిన కాగితాలు సిద్ధం చేసి పెడుతున్నాను. మీకు తెలిసినవాళ్లెవరికైనా ఇలాంటి అవసరం ఉంటే నా నంబరు ఇస్తారా?"

ఇంతే. "ఏదైనా పని ఉంటే చూడండి" అని మాత్రం రాయొద్దు. అలా రాస్తే చదివినవాళ్లు పాపం అనుకుని ఊరుకుంటారు. రెండు రోజులు, బ్యాంకు లెక్కలు అని రాస్తే ఎవరో ఒకరి ముఖం వాళ్లకు గుర్తొస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన గోదాములో స్టోర్ కీపర్‌గా రిటైరయ్యారు. తనకేం విద్య రాదని గట్టిగా నమ్మేవారు. తెలిసిన చిన్న వర్క్‌షాప్‌లో సరుకు లెక్క తేలడం లేదంటే చూడటానికి వెళ్లారు. ర్యాకుల మధ్య నడుస్తూ డబ్బాల మీద వేలితో రాసి చూస్తున్నారట. దుమ్ము మందంగా ఉన్న డబ్బా అంటే నెలల తరబడి ఎవరూ ముట్టనిది. కార్డులో మాత్రం ఆ సరుకు ప్రతి వారం వాడినట్టు రాసి ఉంది. ఆ ఒక్క తేడాతో తప్పు ఎక్కడుందో బయటపడింది. ఇప్పుడు మూడు వర్క్‌షాపుల్లో నెలకోసారి సరుకు లెక్కపెట్టి వస్తున్నారు. ఇదీ ఒక విద్యేనని ఆయనకు ఇంకొకరు డబ్బిచ్చేదాకా తెలియలేదు. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

రేటు అడగడంలో మీకు మొహమాటం వస్తుంది, అందరికీ వస్తుంది. తెలిసినవాళ్లు "ఒక్కసారి చూసిపెట్టండి" అంటారు. ఒక్కసారి చూడండి, తప్పులేదు. రెండోసారి అడిగితే మాత్రం రేటు చెప్పండి. రేటు వేసేటప్పుడు పనిచేసిన గంటలే కాదు, ప్రయాణం, ముందు సిద్ధమయ్యే సమయం కూడా కలపాలి. గంట పనికి వెళ్లిరావడానికి నలభై నిమిషాలు, ఇంట్లో కాగితాలు చూసుకోవడానికి ఇరవై నిమిషాలు పడితే, మీరు అనుకున్న గంట రేటు నిజానికి సగమే. ఇంటి నుంచి చేయగలిగే పనికి కొంచెం తక్కువ వచ్చినా ఒప్పుకోమనేది ఇందుకే. వారానికి పన్నెండు గంటలు దాటనివ్వకండి. కూర్చుని చేసేదైనా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి, మోకాళ్లు బిగుసుకోవు.

ఇంకో మాట, కొంచెం కష్టమైనదే. ఇన్నాళ్లూ మీరు చెబితే విన్నవాళ్లే మీ చుట్టూ ఉన్నారు. రేపు మీ పిల్లల వయసువాళ్లు "ఇది ఇలా కాదండీ, మా సాఫ్ట్‌వేర్‌లో వేరే పద్ధతి" అంటారు. "మా ఆఫీసులో అయితే" అనే మాట నోటిదాకా వస్తుంది. ఆ మాట ఆపుకోగలిగినవాళ్లనే రెండోసారి పిలుస్తారు. వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ ముందే ఒకసారి నేర్చుకోండి. మీకు రెండు వారాలు సరిపోతుంది.

అకౌంట్స్ కాకుండా వేరే పనుల్లో రిటైరైనవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి కొన్ని చెప్తాను. టీచర్లకు ట్యూషన్ సంగతి చెప్పక్కర్లేదు. కానీ గుంపుకు పాఠం చెప్పడం కన్నా భిన్నాలు, వ్యాకరణం లాంటి ఒకే చోట తడబడుతున్న ఒక్క పిల్లకో పిల్లాడికో చెప్పే పనికి గిరాకీ ఎక్కువ, గొంతుకు శ్రమ తక్కువ. భాష మీద పట్టున్నవాళ్లకు అనువాదం, ప్రూఫ్ రీడింగ్ ఉన్నాయి. పరీక్ష హాల్లో పర్యవేక్షణ, పేపర్లు దిద్దడం ఏడాదిలో కొన్నాళ్లే ఉంటాయి, అదీ మంచిదే. చేతిపని వచ్చినవాళ్లు కుట్టు, రిపేర్లు చూసుకోవచ్చు. ఖాళీ గది అద్దెకివ్వడం, ఊరెళ్లినవాళ్ల ఇల్లు చూసిపెట్టడం కొందరికి కుదురుతుంది. యూట్యూబ్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు మాత్రం నిజం చెప్పాలి. మామూలు వీడియోలతో ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఇష్టం కోసం చెయ్యండి, వచ్చే నెల ఖర్చు కోసం దాన్ని నమ్ముకోవద్దు.

రిటైర్మెంట్‌లో ఒకేసారి చేతికొచ్చిన డబ్బును వ్యాపారంలో పెట్టమని బంధువులో, స్నేహితులో తప్పకుండా అడుగుతారు. వద్దండి. ముప్పై ఏళ్లవాళ్లు నష్టపోతే మళ్లీ సంపాదించుకునే సమయం ఉంటుంది. సభ్యులను చేర్పిస్తే కమిషన్ అనే పథకాలకూ దూరంగా ఉండండి, అందులో డబ్బుతోపాటు స్నేహాలూ పోతాయి.

మొదలుపెట్టే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా కనుక్కోండి. బయట సంపాదిస్తే మీ పెన్షన్ తగ్గుతుందా, పాత సంస్థతో చేసుకున్న ఒప్పందంలో ఫలానావాళ్లకు పనిచెయ్యకూడదన్న షరతు ఉందా, ఈ ఆదాయానికి పన్ను ఎలా పడుతుంది. లైసెన్సు ఉన్నవాళ్లే చెయ్యాల్సిన ఆడిట్ సంతకాల లాంటివాటి జోలికి పోకండి. మీ పని కాగితాలు సిద్ధం చెయ్యడం వరకే. బిల్లు చిన్నదైనా నంబరు వేసి ఇవ్వండి. నాలుగు నెలల తర్వాత ఎవరు ఎంత బాకీయో గుర్తుండదు.

అమ్మాయి పంపిస్తానన్న డబ్బు వద్దని ఒక్కసారిగా తోసెయ్యకండి, తన మనసు నొచ్చుకుంటుంది. ఆ డబ్బును వైద్యం కోసం విడిగా ఒక ఖాతాలో వెయ్యమనండి. దాన్ని ముట్టకుండా నెల గడపడం మీ లక్ష్యంగా పెట్టుకోండి. ఒక నోట్‌బుక్ పెట్టి పనిచేసిన గంటలు, వచ్చిన డబ్బు, ఆ రోజు మోకాళ్లు ఎలా ఉన్నాయో కూడా రాయండి. మూడు నెలలయ్యాక ఆ నోట్‌బుక్ తీసుకుని నా దగ్గరికి రండి, ఏది ఉంచాలో ఏది మానాలో కలిసి చూద్దాం. అప్పట్లో మీరు అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చారు కదా, ఈసారి తననే మిమ్మల్ని వెంటబెట్టుకుని రమ్మనండి.