ఢిల్లీ హోటల్లో ఫ్యామిలీ రూమ్ 60% ఆఫ్ అంటే నమ్మొచ్చా?

డిసెంబర్లో ఐదుగురం ఢిల్లీ వెళ్తున్నాం, ఆప్‌లో ఫ్యామిలీ రూమ్ 60% ఆఫ్ చూపిస్తోంది, బుక్ చేసెయ్యనా అని అడిగారు కదా. ఒక్క నిమిషం ఆగండి. ఆ డిస్కౌంట్ మామూలుగా ఇద్దరికే ఉంటుందండి, మీరేమో ఐదుగురు.

మాకిది అక్కడ దిగాక తెలిసింది. వేసవి సెలవుల్లో వెళ్లాం, నేను, మా ఆయన, పదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మా అత్తగారు. కరోల్ బాగ్‌లో రోజుకి 2,100 చొప్పున మూడు రోజులకి 6,300, 55% తగ్గింపు అని మా ఆయన మురిసిపోయి రైలెక్కకముందే డబ్బులు కట్టేశారు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే న్యూఢిల్లీలో దింపేస్తుంది, మనకేమో చెకిన్ 12కి. రిసెప్షన్లో అబ్బాయి నవ్వుతూనే ముందు ఎర్లీ చెకిన్ వెయ్యి అన్నాడు, తర్వాత అత్తగారికి రోజుకి 700, బాబుకి ఇంకో 700, పాపకి మాత్రం ఫ్రీ. మొత్తం 11,500 తేలింది. అన్నీ బుకింగ్‌లోనే రాసున్నాయి మేడమ్ అని ఫోన్‌లో చూపించాడు, నిజమే, కింద చిన్న అక్షరాల్లో ఉన్నాయి, ఇక వాణ్ణేం అంటాం.

ఆ 700కి ఇచ్చే ఎక్స్‌ట్రా బెడ్ అంటే మంచం అనుకున్నాం, చుట్టచుట్టిన పరుపొకటి తెచ్చి పడేశారు. అది పరిస్తే బాత్రూం తలుపు తెరుచుకోదు. రాత్రి మా అత్తగారు లేచినప్పుడల్లా మా ఆయన లేచి పరుపు మడిచి, ఆవిడ వచ్చేదాకా దాన్ని పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడేవారు, మూడు రాత్రులూ ఇదే డ్యూటీ!

రెండోసారి తెలివొచ్చింది. ఆప్‌లో రేటు చూసుకుని నేరుగా హోటల్‌కే ఫోన్ చేశాను. ఆప్ వాడికి కమీషన్ ఇచ్చే పని తప్పుతుంది కాబట్టి వాళ్లూ కొంచెం దిగొస్తారు. రేటు అదే ఇవ్వండి, కానీ ఐదుగురికీ బ్రేక్‌ఫాస్ట్ కలపండి, బాబుకి ఛార్జ్ వద్దు అంటే కాసేపు సార్‌ని అడుగుతా అని సాగదీసి ఒప్పుకున్నారు. మాటలో వదలకండి, పిల్లల వయసులతో సహా వాట్సాప్‌లో పెట్టమనండి. నేను ఆ మెసేజ్ చూపించాకే రిసెప్షన్‌లో నోరు మూతపడింది.

ట్యాక్స్ సంగతి కూడా చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 వరకు రూమ్‌కి జీఎస్టీ 5%, అంతకుముందు 12 ఉండేది. దాటితే 18. హోటల్ వాడే తగ్గించి ఇస్తే తగ్గించిన రేటు మీదే ట్యాక్స్. అంటే 7,800 రూమ్‌ని బేరమాడి 7,400కి తెచ్చుకుంటే ట్యాక్స్‌తో 9,204 కాస్తా 7,770 అవుతుంది, 400 బేరానికి 1,434 మిగిలినట్టు. మీరు ఏరోసిటీ వైపు పెద్ద హోటళ్లు చూస్తుంటే ఇది పనికొస్తుంది, కరోల్ బాగ్, పహాడ్‌గంజ్ రేట్లకి దీని అవసరం రాదు.

మీది డిసెంబర్ కదా, మేం వెళ్లింది ఎండల్లో, అప్పుడు ఢిల్లీకి ఎవరూ రారు కాబట్టి రూములు చవక. చలికాలం సీజను, అప్పుడు కూడా 60% అంటున్నాడంటే ఆప్‌లో గీత కొట్టి చూపించే పాత రేటు ఎవరూ ఎప్పుడూ కట్టనిదై ఉంటుంది. ఫోన్ చేసినప్పుడు గీజర్ రోజంతా ఉంటుందా, రూమ్ హీటర్‌కి విడిగా తీసుకుంటారా, కిటికీ బయటికి తెరుచుకుంటుందా అని అడగండి, మాకిచ్చిన రూమ్‌లో కిటికీ తీస్తే కారిడార్ కనిపించింది. పొగమంచుకి రైలు లేటయితే ఎర్లీ చెకిన్ డబ్బులు మిగులుతాయి, అదొక్కటే చలికాలం లాభం 😀

స్టేషన్ బయట ఎవడైనా వచ్చి మీ హోటల్ మూసేశారు, వేరేది చూపిస్తా అంటే ఆగకుండా మెట్రో వైపు నడవండి. సోమవారం ఎర్రకోటకి సెలవు, ఆ రోజు వేరే ప్లాన్ పెట్టుకోండి.